మా అరుగు మీద వెలసిన ఏందీ మాత

మా మేనత్త మిరపకాయలు దంచుకునే బండకు పూలదండ వేశారనీ, చుట్టూ ఎర్ర తాడు కట్టారనీ, పక్కన బోర్డు కూడా పాతారనీ మా తమ్ముడు సూర్యం ఫోన్‌లో చెబితే నేను నమ్మలేదు. వాడు చిన్నప్పటి నుంచీ కోతలరాయుడు. వాడి మాటలో సగం తీసేసి వినడం మా ఇంట్లో అందరికీ అలవాటు. తీరా దసరాకు నేనుండే గనుల ఊరు బచేలీ నుంచి బస్సెక్కి జగదల్‌పూర్ చేరి, మా వీధి మొగలో ఆటో దిగి చూద్దును కదా, వాడు ఈసారి చెప్పిందే సగం. బోర్డు ఒకటి కాదు, రెండు. హిందీలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. ‘ప్రాచీన ఏందీ శిల. ఏందీ మాత ఆసనం. తాకరాదు, కూర్చోరాదు’ అని. వాటి ముందు ఓ ఇరవై మంది నిలబడి మా అరుగు వైపు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. వాళ్ళను తప్పించుకుని మెట్టెక్కబోతే, మెడలో కార్డు వేలాడేసుకున్న గైడొకడు “ఆంటీజీ, చప్పల్!” అని గదమాయించాడు. నేను పుట్టిన ఇల్లది. నేను దేకిన అరుగది. అయినా ఆ గొంతులో ఏం మహిమ ఉందో గానీ, కిక్కురుమనకుండా చెప్పులు విప్పి లోపలికి పోయాను. సిగ్గుమాలిన సంగతి ఇంకోటుంది, అదీ చెప్పేస్తాను. పోయేముందు నేనూ ఆ బోర్డును ఒక ఫోటో తీసుకున్నాను.

లోపల మా మేనత్త లచ్చుమమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని, స్టీలు గిన్నెలో ఎండుమిరపకాయలు వేసి గ్లాసు అడుగుతో నలుపుతోంది. ఎనభై దాటిన మనిషి. మా నాన్నకు అక్క. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చి, మా అమ్మతో కలిసి మమ్మల్ని పెంచి, చివరికి ఆ ఇంటికి తనే పెద్దదిక్కయింది. చెవులు మందం, నోరు మాత్రం చాకు. నన్ను చూసి కావలించుకోలేదు, ప్రయాణం ఎలా జరిగిందని అడగలేదు.

“వచ్చినవా కమలా? మంచిగైంది. మీ తమ్మునికి జెర చెప్పు. మిక్సీల ఏస్తే పిండి పిండి అయితది, కారానికి పలుకుండాలె. నా బండ నాకియ్యిమను,” అంది.

“అసలీ దేవత ఎక్కడి నుంచి ఊడిపడిందత్తా?” అన్నాను.

“ఏడికెళ్ళేంది? నా నోట్లకెళ్ళే,” అంది ఆమె, మిరపకాయల మీద కసి తీర్చుకుంటూ.

జరిగింది ఇదీ. ఎండాకాలంలో ఏదో శాఖవాళ్ళు పాత ఇళ్ళ వివరాలు రాసుకోవడానికి ఇద్దరు మనుషుల్ని పంపారట. ఏ శాఖో నేను రాయను, రాస్తే దానికీ ఓ బోర్డు పెడతారు. అప్పుడు అత్త అరుగు మీద చింతపండు గింజలు కొడుతోంది. వాళ్ళలో ఒకాయన బండ చూపించి, దీని పేరేమిటి అమ్మాజీ అని హిందీలో అడిగాడు. మా అత్తకు హిందీ వచ్చు, హల్బీ వచ్చు, దోర్లీ వచ్చు. మా వీధిలో అవి రాకపోతే కూరగాయలు కూడా దొరకవు. రానిదల్లా వినపడటమే. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని “ఏంది?” అంది. ఆయన రాసుకున్నాడు. ఎంత పాతది అని మళ్ళీ అడిగాడు. ఈసారి కొంచెం వినపడింది. “మా అమ్మది,” అంది తెలుగులోనే. ఆ పెద్దమనిషికి అమ్మ అంటే మాత అని తెలుసునట, అంతవరకు తెలుగు వచ్చిన పండితుడన్నమాట, అదీ రాసుకున్నాడు. అలా ఏందీ మాత పుట్టింది. పురుడు పోసింది మా అత్త. మా వాళ్ళు భద్రాచలం దిక్కు మనుషులు కాబట్టి ఈ పేరుతో సరిపోయింది గానీ, మా బచేలీ క్వార్టర్లలో కోస్తా నుంచి వచ్చిన ఏ ఇల్లాలినో అడిగి ఉంటే ఇవాళ మా వీధిలో ఏంటండీ మాత వెలిసి ఉండేది.

పేరు దొరికాక చరిత్ర ఎంతసేపు! బండ మధ్యలో ఉన్న గుంట మాత మోకాలు ఆనించిన చోటని గైడు చెబుతున్నాడు. మిరపకాయల ఎరుపు పట్టేసిన మరకలు బలిదానం గుర్తులట. అంచున ఉన్న గీతలు ఇంతవరకు ఎవరూ చదవలేకపోయిన లిపి అట. గోడకు చెవి ఆనించి ఇదంతా వింటూ నేను పడీ పడీ నవ్వాను. ఆ గుంట పెట్టింది ముందు మా నానమ్మ, తర్వాత మా అత్త. ఆ లిపి రాసినవాడు ఇర్మయ్య, గొడ్డలితో. వాడి గురించి చెప్పాలంటే అరుగు గురించి చెప్పాలి.

మా తాత గోదావరి ఒడ్డున చర్ల దిక్కు నుంచి చింతపండు కొనడానికి వచ్చి, ఈ ఊరి నీళ్ళు పడి ఇక్కడే ఉండిపోయాడు. రాజుగారి కోట వెనక వీధిలో అలా వచ్చినవాళ్ళు పదిళ్ళవాళ్ళు చేరితే ఊరివాళ్ళు దానికి తెలంగీ పారా అని పేరు పెట్టారు. పారా అంటే ఇక్కడ పేట. పెంకుటిళ్ళు, టేకు స్తంభాలు, ఇంటి ముందు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మట్టి అరుగు. బండను తాత ఇంద్రావతి ఒడ్డు నుంచి ఎడ్లబండి మీద తెచ్చి అరుగు చివర వేయించాడు. పొద్దున్నే అత్త పేడా ఎర్రమట్టీ కలిపి అరుగంతా అలికేది. ఆ తడి ఆరకముందే మేం పాదాలు ముద్ర వేయడం, ఆమె చీపురు తిరగేసి పట్టుకుని వెంటపడటం మాకు రోజూ ఉన్న పనే. ఎండాకాలం మొదట్లో అరుగు నిండా ఇప్పపువ్వు ఎండేది. ఆ మగ్గిన తీపి వాసన జుట్టుకు పట్టేస్తే తలంటు పోసుకున్నా వదిలేది కాదు, బళ్ళో నా పక్కన కూర్చోవడానికి కోమటి పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. తర్వాత చింతపండు, దాని తర్వాత మిరపకాయలు. అత్త రోకలి ఎత్తిందంటే వీధి వీధంతా తుమ్మేది. పోస్టుమాను మా ఇంటి ఉత్తరాలు నాలుగిళ్ళ అవతలే ఇచ్చి ముక్కు మూసుకుని వెనక్కి పోయేవాడు.

తాతకు అరుగు మీద స్తంభానికి వీపు ఆనించి కూర్చోవడం తప్ప పెద్ద పనులు ఉండేవి కావు, లేదా ఆ పనే ఆయన వ్యాపారమేమో నాకు తెలియదు. ఎండలో పోయే ఎవరినైనా ఆపి మంచినీళ్ళు తాగించేవాడు. కావడివాళ్ళు, ఆకుదొన్నెలు అమ్మే ఆడవాళ్ళు, అడ్డాకు మోపులు మోసుకొచ్చిన పిల్లలతల్లులు, కోర్టు పనికొచ్చి వకీలు దొరకనివాళ్ళు, అందరూ అక్కడే దించుకునేవాళ్ళు. మా అమ్మకు ఇది తలనొప్పి. ఇంటి ముందు సంతేమిటని అప్పుడప్పుడూ గిన్నెల మీద ఎగిరేది. తాత మాత్రం “ఇల్లు మనది, అరుగు బజారుది. మనం ఊడ్చేటోళ్ళం, గంతే,” అనేవాడు. అమ్మ దానికి, ఊడ్చేది మీరు కాదుగదా అని లోపల్లోపలే గొణుక్కునేది. ఆమె మాటలోనూ న్యాయం ఉంది.

దసరా వచ్చిందంటే ఆ అరుగు మాది కాకుండా పోయేది. బస్తర్ అంతటి నుంచీ ఊళ్ళ దేవతలు గొడుగులు, స్తంభాలు, పల్లకీలతో ఇక్కడికి వస్తారు కదా, వాళ్ళ వెంట మనుషులు. రథం లాగాలి, మొక్కులు చెల్లించాలి, చుట్టాలను కలుసుకోవాలి. ఇన్ని రోజుల పండక్కి వచ్చినవాళ్ళు ఎక్కడ ఉంటారని ఏ ప్రభుత్వమూ అడగని కాలమది, ఎందుకంటే ఊళ్ళో అరుగులున్నాయి. ఒక్కో ఊరివాళ్ళకు ఒక్కో అరుగు. మా అరుగు ఆవపల్లి దిక్కు నుంచి వచ్చే దోర్లవాళ్ళది. ఆరేడు రోజులు నడిచి వచ్చేవాళ్ళు. వాళ్ళ దోర్లీలో సగం మా తెలుగే కాబట్టి మా ఇల్లయితే నోరు కట్టేసుకోనక్కర్లేదని వాళ్ళ పెద్ద, అంటే ఇర్మయ్య తండ్రి, ఎప్పుడో మా తాతతో ఖాయం చేసుకున్నాడు. వస్తూ తేనె, ఎండు వెదురుకొమ్ములు, అడ్డాకులు తెచ్చేవాళ్ళు. ఎప్పుడు పోతారని అడగడం మా ఇంట్లో బూతు మాట కింద లెక్క. వీధిలో మూడు రాళ్ళు పెట్టి వాళ్ళు వండుకునే ఎండుచేపల పులుసు వాసనకు నేనూ సూర్యమూ మా అమ్మ వండిన పప్పు వదిలేసి, విస్తరాకు పట్టుకుని వాళ్ళ పంక్తిలో కూర్చునేవాళ్ళం. రథం లాగి వచ్చినవాళ్ళ అరచేతులు తాడు రాపిడికి బొబ్బలెక్కి ఉండేవి. అత్త పసుపూ నూనే గోరువెచ్చగా కాచి రాసేది. “గింత మెత్తటి చేతులేందిరా, పట్నపోళ్ళ లెక్క!” అని వెక్కిరిస్తూనే రాసేది.

ఇర్మయ్యకు అప్పుడు కొత్తగా మీసాలొచ్చాయి. పొద్దున్నే లేచి వాడు చేసే మొదటి పని మా బండ అంచు మీద గొడ్డలి నూరడం. ఆ గరగర శబ్దానికి నానమ్మ తిట్లతో లేచేది. బండ అరిగిపోతే నీ నెత్తి మీద దంచాలా అని తిట్టేది. వాడు పళ్ళికిలించి, తిట్టినంతసేపూ నూరి, తర్వాత శిక్ష కింద మా ఇంటికి నెల రోజులకు సరిపడా కట్టెలు కొట్టి పడేసేవాడు. ఒక ఏడు పండగ చివర్లో వాడికి చలిజ్వరం వచ్చింది. దేవతను తీసుకుని అందరూ వెళ్ళిపోయినా వాడు కదల్లేని స్థితి. పన్నెండు రోజులు అరుగు మీదే పడుకున్నాడు. అత్త గంజి తాగించింది, మూత్రం గిన్నె కూడా ఎత్తింది, వీధిలో ఎవరేమనుకుంటే నాకేంటని. లేచి నిలబడ్డాక వాడు వెళుతూ వెళుతూ అన్న మాట మా ఇంట్లో చాలాకాలం చెప్పుకున్నాం. “అక్కా, ఊర్ల నాకు ఇల్లుంది. పట్నంల నాకు అరుగుంది. ఇగ నేను గరీబోన్ని గాదు,” అన్నాడు. అప్పటి నుంచి తండ్రి పోయినా, వాళ్ళ ఊళ్ళో ఎన్ని గొడవలు జరిగినా, రోడ్లు మూసినా తెరిచినా, ఆ మనిషి దసరాకు రాకుండా ఉన్నది మహా అయితే రెండు మూడేళ్ళు.

ఇప్పుడు మా వీధిని చూస్తే మా తాత తన ఇల్లు తను పోల్చుకోలేడు. ఇన్నేళ్ళూ బస్తర్ పేరు చెబితే బస్సు దిగడానికి భయపడినవాళ్ళంతా, భయం తీరిందని ఎవరో చెప్పగానే ఒక్కసారిగా వచ్చి పడ్డారు. జలపాతం చూసి, గుహ చూసి, సాయంత్రం చూడ్డానికి ఇంకేముందని అడిగితే, మా వీధి ఉందన్నారు. అంతే. గోడలన్నిటికీ ఒకే ఎర్రరంగు పూసి, ఒకే రకం తెల్లబొమ్మలు వేశారు. చిందులేసేవాళ్ళు, డోలు కొట్టేవాళ్ళు, ఇంటి ఇంటికీ అవే పన్నెండు బొమ్మలు. చాలా ఇళ్ళకు పెంకులు తీసేసి రేకులు వేశారు, రేకుల మీద పెంకుల్లా కనపడటానికి రంగు వేశారు. ఎదురింటి వాళ్ళు తమ టేకు తలుపులు ఊరి బయట రిసార్టుకు అమ్మేశారు, ఆ డబ్బుతో పాత తలుపుల్లా కనపడే కొత్త తలుపులు చేయించుకున్నారు. మేం నీళ్ళు తోడుకున్న బావికి గాజు మూత బిగించి లోపల రంగు దీపాలు పెట్టారు, నీళ్ళు మాత్రం ట్యాంకరు నుంచి వస్తాయి. దొన్నెల ఆడవాళ్ళు కూర్చునే చోట పార్కింగు. వాళ్ళ దొన్నెలు మాత్రం కేఫుల్లో ఉన్నాయి, వాటిలో ఐస్‌క్రీము పెడుతున్నారు. ఇక అరుగులు. కొన్ని రోడ్డు వెడల్పులో పోయాయి, మిగిలినవాటికి ఇనుప కమ్మీలు వేసి ‘హెరిటేజ్ సిటౌట్’ అన్నారు. కూర్చోవడానికి పుట్టిన వస్తువుకు కూర్చోవడమని ఇంగ్లీషులో పేరు పెట్టి, ఎవరూ కూర్చోకుండా చేయడం మామూలు తెలివికి సాధ్యమయ్యే పని కాదు.

ఆ సాయంత్రం అసలు గొడవ బయటపడింది. మర్నాడు మధ్యాహ్నానికి ఇర్మయ్యవాళ్ళు వస్తున్నారని కబురొచ్చింది. సూర్యం ఆ అరుగు మీద, తాడుకు ఇవతల, పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, వాటికి నంబర్లు అంటించి, రథం చూడ్డానికి రాయ్‌పూర్ నుంచీ ఇంకా దూరం నుంచీ వచ్చేవాళ్ళకు డబ్బు పుచ్చుకుని మాట ఇచ్చేశాడు. అత్త చేటను నేలకేసి కొట్టింది.

“ఇర్మయ్య ఏడ కూసుంటడురా?”

“అత్తా, వాళ్ళకోసం ఊరవతల డోమ్ అని పెద్ద డేరా వేశారు. ఫ్యాన్లున్నాయి, టాయిలెట్లున్నాయి. మన మట్టి అరుగు కన్నా నయం కదా!”

“ఫ్యాను గాలికొస్తున్నరా వాళ్ళు? ఆడికెళ్ళి రథం కనవడతదా? నేను కండ్లు మూసినంక నీ ఇష్టం. నేనుండంగ వాని జాగల ఇంకోన్ని కూసోవెడితే మంచిగుండదు చెప్తున్న.”

నేను అత్త పక్షాన ఒక మాట వేయబోయాను. సూర్యం నా వైపు తిరిగాడు. “నువ్వాగక్కా. పైకప్పు కారితే ఎక్కేది నేను. గోడ పగిలితే మేస్త్రీ వెంట తిరిగేది నేను. నువ్వు బచేలీలో చల్లగా కూర్చుని అరుగు గురించి జ్ఞాపకాలు రాసుకుంటావు. ఆ రాసిందాంతో ఒక్క పెంకన్నా వస్తుందా?” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మండిందంటే వాడన్నది నిజం కాబట్టే.

మర్నాడు మధ్యాహ్నానికే కుర్చీలు నిండాయి. వీధి ఇసుక వేస్తే రాలనంతగా ఉంది. ఆ గుంపును చీల్చుకుంటూ ఇర్మయ్య వచ్చాడు, వెంట ఏడెనిమిది మంది ఆడా మగా. ఈసారి నడిచి రాలేదు, పికప్పు బండిలో వచ్చారు. మీసాలు తెల్లబడి, మనిషి ఎండిపోయి, తెల్లచొక్కా వేసుకుని చేతికి గడియారం పెట్టుకున్నాడు. నన్ను గుర్తుపట్టి, “కమలా బిడ్డా, ముసల్దానివైనవ్‌లే!” అని తల నిమిరాడు. బోర్డుల మీద ఏముందో చదివి చెప్పమన్నాడు. చదివాను. గీతలు లిపి అన్న దగ్గర నవ్వడం మొదలుపెట్టి దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

“నా గొడ్డలి గీతల్ల గింత చదువుందా? మా అయ్య నన్ను బడికి తోలలేదని ఉత్తగనే ఏడ్చిన,” అన్నాడు. నవ్వుతూనే అలవాటు కొద్దీ అరుగు మీద మూట పెట్టబోయాడు. గైడు పరుగెత్తుకొచ్చి, “దాదాజీ, ఇక్కడ కాదు, మీకు డోమ్ ఉంది, అటు,” అని చేయి చూపించాడు. ఇర్మయ్య కుర్చీల వైపు చూశాడు, తాడు వైపు చూశాడు. మూట మళ్ళీ భుజాన వేసుకున్నాడు. “పోదాం తియ్యి,” అన్నాడు తనవాళ్ళతో, ఏమీ జరగనట్టే.

అప్పుడు మా అత్త గడప దాటి వచ్చింది. వచ్చి, సూర్యంతో కాదు, ఇర్మయ్యతో కాదు, నేరుగా గైడుతో హిందీలో మొదలుపెట్టింది. ఈ మాత పేరు చెప్పింది ఎవరు? నేను. మరి ఆచారం ఎవర్నడగాలి? నన్ను. రథం కదిలే రోజున ఈ అరుగు మీద ఊరి దేవతతో కలిసి వచ్చినవాళ్ళే కూర్చోవాలి. ఇంకెవరు కూర్చున్నా మాత ఊరుకోదు. మొన్న ఫోటో కోసం బండ మీద కూర్చున్న లావుపాటి ఆయన సంగతి తెలుసా, మూడు రోజులు చెంబు కింద పెట్టలేదు. ఇదంతా ఆమె ముఖంలో ఒక్క గీత కదలకుండా చెప్పింది. గైడు నోరు తెరిచాడు. ఆ మాతకు మోకాలు తగిలించింది, బలులిప్పించింది తనే, ఇప్పుడు ఏ ముఖంతో కాదంటాడు? కాదనలేదు సరికదా, “అవును, పెద్దవాళ్ళు ఇలాగే చెబుతారు,” అని తలూపాడు. నంబరు మూడులో కూర్చున్నావిడ ముందు లేచింది, భర్తను లాగింది. చూస్తుండగానే పన్నెండు కుర్చీలూ ఖాళీ. సూర్యం ముఖాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇర్మయ్యవాళ్ళు అరుగెక్కారు. కుర్చీలు పక్కకు నెట్టి కింద కూర్చున్నారు. ఆడవాళ్ళు మూటలు విప్పారు, అన్నం దాక మూత తీశారు. అత్త లోపలి నుంచి పచ్చడి తెచ్చింది. ఇర్మయ్య స్తంభానికి వీపు ఆనించి, కాళ్ళు చాపి, “అబ్బా!” అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు ఏడుపొచ్చింది. చుట్ట కాల్చినంతసేపు, అంతే, ఇల్లు ఇల్లులా ఉంది. దాచుకోవడం దేనికి, మేం గెలిచామనే అనుకున్నాను.

అయితే గైడు ఊరుకునే రకమా! వీధిలోకి పోయి ఎంత గొంతుందో అంత గొంతుతో, ఏందీ మాత అసలు ఆచారం ఇప్పుడు జరుగుతోంది, ఏడాదికి ఒక్కసారే, రండి చూడండి అని కేకేశాడు. పన్నెండు మంది లేచినచోట రెండు వందల మంది వచ్చి మీద పడ్డారు. ఎర్ర తాడును తోసుకుని ఫోన్లు లోపలికి వచ్చాయి. నెత్తి మీద చిన్న విమానం లాంటిది గుయ్యిమంటూ తిరిగింది. ఒకామె ఇర్మయ్య గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. ఇంకొకాయన, దాదాజీ, గడియారం తీసేయండి, చొక్కా కూడా తీసేస్తే ఒరిజినల్‌గా ఉంటుంది అని ఎంతో మర్యాదగా కోరాడు. పాట పాడమన్నారు. మా అత్తను పక్కకు జరగమన్నారు, ఆమె నైలాను చీర ఫోటోకి నప్పలేదట. ఆడవాళ్ళు కొంగులు ముఖాల మీదికి లాక్కున్నారు. ఇర్మయ్య కలిపిన ముద్ద నోటి దాకా తీసుకెళ్ళాడు. నాలుగు ఫోన్లు ఆ ముద్ద వెంటే కదిలాయి. ముద్దను తిరిగి ఆకులో పెట్టేశాడు.

లేచి, చేయి కడుక్కుని, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు.

“అక్కా, మేం కూసోనీకి వచ్చినం. కనవడనీకి రాలే,” అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో, అలసట ఉంది. “నువ్వు ఏమనుకోకు.”

ఎవరికైనా ఎదురు చెప్పగల మా అత్త వంగి, ఆ ముద్ద ఉన్న ఆకును మడిచి చేతిలోకి తీసుకుంది.  వాళ్ళు మూటలు కట్టుకుని రోడ్డు దాటి ఎదురుగా ట్రాన్స్‌ఫార్మర్ కంచె పక్కన, మూసిన షట్టరు ముందు, మురుగు కాలువ గట్టు మీద చతికిలబడ్డారు. అక్కడ చెత్త కుండీ ఉంది, చిరిగిన ఫ్లెక్సీ ఉంది, ఫోటో తీసుకోదగ్గది ఏదీ లేదు. ఎవరూ వాళ్ళ వెంట పోలేదు. ఇక్కడ సూర్యం అప్పుడే కుర్చీలు తుడిచి మళ్ళీ వరసలో వేస్తున్నాడు. దూరంగా డోళ్ళ మోత వినపడింది, రథం మూల తిరుగుతోంది.

అత్త లోపలికి వెళ్ళింది. ఇక బయటికి రాదనుకున్నాను. అన్నం గిన్నె చంకన పెట్టుకుని వచ్చింది. నా చేతిలో పప్పు గిన్నె పెట్టి, స్తంభం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

“అత్తా, ఎక్కడికి? మోకాళ్ళ నొప్పులతో? జనంలో పడిపోతావు!” సూర్యం కంగారుపడ్డాడు. ఆ కంగారు మాత్రం నిజం.

“నీ మాతను నువ్వే ఉంచుకో కొడకా. మంచిగ చూసుకో,” అని ఆమె వెనక్కి తిరగకుండానే అంది.

ఫోన్లన్నీ రథం వైపు తిరిగి ఉన్నాయి. ఆ జనంలో ఎవరినీ తోయకుండా, ఎవరూ తనను చూడకుండా, ఆమె నెమ్మదిగా రోడ్డు దాటింది. ఆమెను చూసి కాలువ గట్టు మీద అందరూ లేచారు. ఇర్మయ్య భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, తను కూర్చున్న చోట పరిచాడు.

“కూసో అక్కా. ఈడ మనల్ని ఎవ్వలు లెవ్వమనరు,” అన్నాడు.

మా అత్త కూర్చుంది. నేను పప్పు గిన్నె పట్టుకుని రోడ్డు మధ్య దాకా వెళ్ళి ఆగిపోయాను. నాకూ అక్కడ చోటుందా అని అడగడానికి నోరు రాలేదు.